అంతర్జాతీయ క్రీడల ఆతిథ్యం కోసం నగరాలు పోటీపడాలా?

టవర్‌క్లాక్ (అనంతపురం):
2030 కామన్వెల్త్ క్రీడల ఆతిథ్యం అహ్మదాబాదుకు ఖరారైంది. నైజీరియా రాజధాని అబూజా కూడా అడిగినప్పటికీ, 2025 నవంబరులో గ్లాస్గోలో సమావేశమైన సభ్యదేశాలు మన నగరానికే ఆమోదం తెలిపాయి. 2036 ఒలింపిక్స్ కావాలని భారత ఒలింపిక్ సంఘం అంతకు ఏడాది ముందే లేఖ ఇచ్చింది. సంతోషించేవారిని తప్పుపట్టను గానీ, నగరాలు పంతానికి పోయి హామీలు పెంచుకునే ఈ పద్ధతిలో చివరికి గెలిచిన నగరమే ఎక్కువ నష్టపోతుందని నా అభిప్రాయం. వేలంలో పాట పాడేది నాయకులు, డబ్బు కట్టేది జనం.

బురుజు (కర్నూలు):
టవర్‌క్లాక్ గారూ, ఆటలు రాకపోతే ఆ డబ్బు క్రీడలకు దక్కేదని మీరు అనుకుంటున్నట్టుంది. అది ఎన్నడూ దక్కలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు రాకపోయి ఉంటే గచ్చిబౌలిలో అంత పెద్ద ప్రాంగణం లేచేదా? అక్కడి పద్నాలుగు అంతస్తుల భవనమే 2020లో కొవిడ్ ఆసుపత్రిగా మారింది. తేదీ దగ్గరపడితే తప్ప మన ప్రభుత్వాలలో ఏ పనీ కదలదు. ఆతిథ్యం ఇచ్చేది ఆ తేదీనే.

ఏడురోడ్లు (కడప):
ఆ తేదీ ఢిల్లీకి కూడా ఉంది కదండీ. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఢిల్లీ 2003లో జమైకాలో కెనడా నగరం హామిల్టన్‌తో పోటీపడింది. పాల్గొనే ప్రతి దేశానికీ శిక్షణ కోసం లక్ష డాలర్లు ఇస్తామని చెప్పి గెలిచింది. చేతిలో ఏడేళ్లు ఉన్నా, క్రీడలకు కొద్దిరోజుల ముందు ప్రధాన స్టేడియం పక్కన కడుతున్న పాదచారుల వంతెన కూలిపోయింది. నిర్వాహక సంఘం అధ్యక్షుడు మరుసటి ఏడాది అరెస్టయ్యారు.

టవర్‌క్లాక్ (అనంతపురం):
ఢిల్లీని అవినీతి కథగా మాత్రమే చూస్తే అసలు సంగతి తప్పిపోతుంది. అవినీతి లేని చోట కూడా లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఖర్చు అంచనాకు మించితే ఆ భారం ఆతిథ్య నగరమూ ప్రభుత్వమూ మోయాలని ముందే హామీ రాయించుకుంటారు. ఒలింపిక్స్‌కు నష్టం రావడమంటే మగవాడు బిడ్డను కన్నట్టేనని కెనడా నగరం మాంట్రియల్ మేయర్ జాఁ ద్రాపో సవాలు చేశారు. అక్కడ జరిగిన 1976 క్రీడల అప్పు 2006లో గానీ తీరలేదు, అదీ ప్రధానంగా పొగాకు మీద వేసిన పన్నుతో. ఆటలు చూడని తరం కూడా చుట్టకో సిగరెట్టుకో డబ్బు కట్టి ఆ అప్పు తీర్చిందన్నమాట.

మాంట్రియల్‌ను చూసి నగరాలు బెదిరిపోవడంతో 1984 ఒలింపిక్స్‌కు లాస్ ఏంజెలెస్ ఒక్కటే మిగిలింది. నగర ఖజానా నుంచి ఖర్చు పెట్టకూడదని అక్కడి ఓటర్లు 1978లోనే తీర్మానించారు. పోటీదారు లేనందున షరతులు పెట్టే అవకాశం నగరానికే చిక్కింది. 1932 ఒలింపిక్స్ జరిగిన పాత కొలీజియంనే మళ్లీ వాడి, క్రీడలు ముగిసేసరికి ఇరవై కోట్ల డాలర్లకు పైగా మిగుల్చుకున్నారు. 2024 నాటికీ ఇదే పరిస్థితి తిరిగివచ్చింది. బోస్టన్, రోమ్, బుడాపెస్ట్ తప్పుకున్నాయి, హాంబర్గ్ ప్రజలు ఓటు వేసి వద్దన్నారు. మిగిలిన పారిస్, లాస్ ఏంజెలెస్‌లను వదులుకోవడం ఇష్టంలేక అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2017లో 2024, 2028 రెండింటినీ ఒకేసారి పంచిపెట్టింది. అడిగేవారు తగ్గినప్పుడే బేరం నగరం వైపు మొగ్గుతుంది. అందరూ వెనకడుగు వేస్తున్న వేళ మనం ఎగబడి అడగడం నాకు తెలివైన బేరంగా కనిపించడం లేదు.

బురుజు (కర్నూలు):
బేరం మనవైపు ఉన్నప్పుడే కదా అడగవలసింది! 2026 కామన్వెల్త్ క్రీడల నుంచి ఆస్ట్రేలియా రాష్ట్రం విక్టోరియా తప్పుకున్నాక గ్లాస్గో వాటిని పది క్రీడలకు కుదించి తీసుకుంది. హాకీ, బ్యాడ్మింటన్, కుస్తీ, క్రికెట్ అన్నీ పోయాయి, అంటే మనకు పతకాలు తెచ్చేవే పోయాయి. ఆతిథ్య నగరానికి ఆటల జాబితాలో మాట ఉంటుందన్నది ఇందులోనే తేలిపోతుంది. ఇక పోటీ లేకపోవడమే మంచిదనే వాదన నాకు మింగుడుపడదు. 2002 శీతాకాల ఒలింపిక్స్ కోసం సాల్ట్ లేక్ సిటీ నడిపిన లంచాల వ్యవహారంలో పదిమంది అంతర్జాతీయ ఒలింపిక్ సంఘ సభ్యులు పదవులు పోగొట్టుకున్నారు, నిజమే. కానీ 2019లో తెచ్చిన పద్ధతిలో సంఘమే తనకు నచ్చిన నగరంతో ముందుగా చర్చించి, ఒక్క పేరునే ఓటుకు పెట్టింది. 2032కు బ్రిస్బేన్‌ను ఎంచుకున్నది అలాగే. తలుపులు మూసుకుని జరిగే ఆ చర్చలలో ఏ హామీ ఇచ్చారో బయటివారికి తెలిసేదెలా?

ఏడురోడ్లు (కడప):
ఈ చివరి ప్రశ్నతో నేను ఏకీభవిస్తాను. విక్టోరియా ఖర్చు 260 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల నుంచి 600 కోట్లకు మించిపోతుందని 2023లో తప్పుకుంటే, పరిహారంగా 38 కోట్లు కట్టవలసివచ్చింది. అక్కడ కనీసం ఆ అంకెలైనా బయటపడ్డాయి.

పెద్ద క్రీడలు లేకుండా మైదానం పుట్టదన్న బురుజు గారి మాటకు అనంతపురమే జవాబు. అక్కడి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్టేడియం ఏ ఒలింపిక్స్ కోసమూ కట్టింది కాదు, ఏళ్ల తరబడి పల్లెల పిల్లలు ఆడుతున్న ప్రాంగణం. 2024 దులీప్ ట్రోఫీ క్రికెట్ ఒక్క మ్యాచ్ తప్ప మొత్తం అక్కడే జరిగింది. ఉన్న మైదానానికి పోటీలు వచ్చాయి, పోటీల కోసం మైదానం పుట్టలేదు. దీనికి భిన్నంగా, మా వైపు ఒక కళాశాల మైదానంలో పరుగు పందెమంటే ఈనాటికీ పీఈటీ మాస్టారు తాడు పట్టించి సున్నంతో గీతలు గీయిస్తారు. లాంగ్‌జంప్ గుంతలో నల్లమట్టి గడ్డకట్టి ఉంటుంది కనుక, జిల్లా పోటీలకు ముందురోజు పిల్లలే వంకలోంచి ఇసుక మోసుకొస్తారు.

బురుజు (కర్నూలు):
ఆర్డీటీ ఒక స్వచ్ఛంద సంస్థ. ప్రతి జిల్లాకూ అలాంటి సంస్థ దొరకదు, కనుక ప్రభుత్వాన్ని కదిలించే తేదీ కావాలన్న నా మాట మీద నేను నిలబడతాను. అయితే 2036 ఒలింపిక్స్‌ను అహ్మదాబాదుకు తేవడం కోసం సంతకం చేసే హామీపత్రం పూర్తి పాఠాన్ని ముందుగా పార్లమెంటులోనూ గుజరాత్ శాసనసభలోనూ పెట్టాలని అడగడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు.

టవర్‌క్లాక్ (అనంతపురం):
పెట్టడం ఒక్కటే చాలదు, దానిపై ఓటు జరగాలి. అదనపు ఖర్చును కేంద్రం ఎంత, రాష్ట్రం ఎంత, నగరపాలక సంస్థ ఎంత భరిస్తాయో ఆ పత్రంలోనే అంకెలతో రాసి ఉండాలి. అలా రాస్తే అహ్మదాబాదు బిడ్‌ను వ్యతిరేకించడం నేను మానుకుంటాను.