పిల్లల సీరో సర్వే: వయసు వెయిట్ ఒక్కటే చాలా?

ప్రశ్న: 6–17 ఏళ్ల పిల్లల్లో యాంటీబాడీల సర్వే. జిల్లాకు 10 క్లస్టర్లు (ఇళ్ల గుంపులు), జనాభాకు తగ్గ సంభావ్యతతో ఎంపిక; ఇంటికి ఒక్క బిడ్డే. శాంపిల్‌లో ప్రభుత్వ బడి పిల్లలు ఎక్కువయ్యారు. వయసును బట్టి వెయిట్ (ఒక్కో బిడ్డను ఎంతమంది కింద లెక్కించాలో చెప్పే అంకె) వేస్తే సరిపోదా?

జవాబు 1: సరిపోదండీ. ముందు ఎంపిక వెయిట్ కట్టండి. ఇంట్లో ముగ్గురుంటే ఒకరినే తీసుకున్నారు కదా, ఆ బిడ్డ వెయిట్ 3. చాలామంది మరిచేది ఇదే. పిల్లలు ఎక్కువున్న ఇళ్లలో సోకడం ఎక్కువైతే అంచనా తగ్గిపోతుంది. తర్వాత, క్లస్టర్‌లో 50 మందిని అడిగితే 40 మందే రక్తం ఇచ్చారా, 1.25తో గుణించండి. జిల్లాలు కలిపేటప్పుడు జిల్లాలోని పిల్లల జనాభా కూడా లెక్కలోకి రావాలి. ఆపైనే వయసు, లింగం, బడి రకంపై రేకింగ్, అంటే శాంపిల్‌లో వాటి వాటాలు అసలు జనాభాతో సరిపోయేదాకా వెయిట్లను మళ్లీ మళ్లీ సవరించడం.

జవాబు 2: బడి లెక్కలు యూడైస్‌లో (కేంద్రం నడిపే బడుల సమాచార వ్యవస్థ) దొరుకుతాయి, కానీ బడి మానేసినవాళ్లు అందులో ఉండరు, వాళ్లను విడి గుంపుగా పెట్టండి. మధ్యస్థానికి 5 రెట్లు దాటిన వెయిట్లను కత్తిరించి, మళ్లీ రేక్ చేయండి. వెయిట్లన్నీ కూడి ఆ మొత్తాన్ని వర్గం (స్క్వేర్) చేసి, ఒక్కో వెయిట్ వర్గాన్ని కూడగా వచ్చిన మొత్తంతో భాగిస్తే, వెయిట్లు వేశాక శాంపిల్ నిజానికి ఎంతమందితో సమానమో తెలుస్తుంది. ఒకే క్లస్టర్ పిల్లలు ఒకేలా ఉండటం వల్ల వచ్చే తగ్గుదల (క్లస్టర్ ప్రభావం) దానికి అదనం. గణాంకాల సాఫ్ట్‌వేర్ ‘ఆర్’లో సర్వే ప్యాకేజీకి క్లస్టర్ ఐడీ ఇవ్వకపోతే విశ్వాస అంతరం (అసలు విలువ ఉండగల హద్దులు) అబద్ధంగా ఇరుకవుతుంది.

జవాబు 3: టెస్టు లోపాన్ని వెయిట్లు దిద్దవు. వెయిట్ వేశాక 40% వచ్చి, సెన్సిటివిటీ (యాంటీబాడీలున్నవాళ్లను టెస్టు పట్టే శాతం) 90%, స్పెసిఫిసిటీ (లేనివాళ్లను లేరని చెప్పే శాతం) 98% అయితే: (0.40+0.98−1)÷(0.90+0.98−1), అంటే 43.2%.