ఫాల్ట్ ఉందంటే ప్లేట్ అంచు ఉన్నట్టేనా? మరి ములుగులో భూకంపం ఎలా వచ్చింది?

కనకపుర_కిరణ్:
అందరికీ నమస్తే. మేం బెంగళూరులో కనకపుర రోడ్ వైపు ఫ్లాట్ చూస్తున్నాం. అక్కడ బోర్ వేసినాయన కింద రాయిలో పెద్ద పగులు తగిలింది సార్, నీళ్ళు బాగా పడ్డాయి అని సంతోషంగా చెప్పాడు, అది విన్న దగ్గర్నుంచి మా ఆవిడ కింద ఫాల్ట్ ఉందేమో, మనకొద్దు అంటోంది. భూకంపాలు ప్లేట్లు, అంటే భూమి పైపొరలోని పెద్ద పెద్ద పలకలు, కలిసే చోటే వస్తాయని స్కూల్లో చదువుకున్నాం, ఆ లెక్కన మనం ప్లేట్ మధ్యలో ఉన్నాం కాబట్టి భయం లేదు. కానీ 2024 డిసెంబర్ 4న పొద్దున్నే ఖమ్మం నుంచి అమ్మ ఫోన్ చేసి మంచం ఊగిందిరా అంది, ములుగు దగ్గర 5.3 అట. అక్కడ ఏ ప్లేట్ అంచు ఉంది? తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి చెప్పండి.

జయనగర్_జియాలజీ:
కిరణ్ గారూ, ముందు బోర్ సంగతి తేల్చేద్దాం. రాయి పగిలినంత మాత్రాన ఫాల్ట్ అవ్వదు. పగులుకి అటుపక్క రాయి, ఇటుపక్క రాయి ఒకదాన్నొకటి రాసుకుంటూ జరిగితేనే ఫాల్ట్, జరక్కపోతే ఉత్త పగులే, మేం జాయింట్ అంటాం. గ్రానైట్ షాపుకి వెళ్ళినప్పుడు పలకల్ని దగ్గరగా చూడండి, కొన్నిట్లో తెల్ల చార ఒకటి నేరుగా వస్తూ వస్తూ వెంట్రుకంత గీత దగ్గర టక్కున తెగి, అర అంగుళం పక్కన మళ్ళీ మొదలవుతుంది. అది ఫాల్టే, చిన్న సైజులో, ఎప్పుడో కోట్ల ఏళ్ళ కింద జరిగి అతుక్కుపోయింది. బెంగళూరు కింద ఉన్న నైస్ (gneiss) అనే రకం రాయి సుమారు 300 కోట్ల ఏళ్ళ నాటిది, లాల్‌బాగ్ గుట్ట కూడా అదే, ఇన్నేళ్ళలో దానికి పగుళ్ళు పడకపోతేనే వింత, మన బోర్లలో నీళ్ళు పడేదే ఆ పగుళ్ళ వల్ల.

ఇక ప్లేట్ అంచు. మ్యాప్‌లో ఒక్క గీత గీస్తారు గానీ నేల మీద చూస్తే చాలాచోట్ల అదో ఫాల్టుల గుంపు. ప్లేట్లు విడిపోయే చోట ఒక పక్క రాయి కిందకి జారుతుంది, గుద్దుకునే చోట ఒకటి ఇంకోదాని మీదకి ఎక్కుతుంది, హిమాలయాల కింద ఉన్నవి అలాంటివే, పక్కపక్కన రాసుకుంటూ పోయే చోట అడ్డంగా జరుగుతుంది, కాలిఫోర్నియాలో సుమారు 1200 కిలోమీటర్ల శాన్ ఆండ్రియాస్ ఆ రకం. అంచు ఉన్నచోట ఫాల్టులు ఉండి తీరతాయి, కానీ ఫాల్ట్ ఉన్నచోటల్లా అంచు ఉండదు. మన ప్లేట్ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ ఆసియాని నెడుతోంది, ఆ ఒత్తిడి హిమాలయాల దగ్గరే ఆగదు, ప్లేట్ లోపలికీ పాకుతుంది, లోపల పాత ఫాల్ట్ ఎక్కడుంటే అక్కడ కదులుతుంది, గోడకి పాత బీట ఎన్నిసార్లు సిమెంట్ పూసినా మళ్ళీ అక్కడే విచ్చుకున్నట్టు. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్ర లాతూర్ దగ్గర కిల్లారిలో వచ్చింది 6.2, అంచుకి ఎంతో దూరం, అయినా వేలమంది నిద్రలోనే పోయారు. అందుకే మధ్యలో ఉన్నాం కాబట్టి భయం లేదు అన్న మాట పిల్లలకి అలా నేర్పకూడదని నేను గట్టిగా అనుకుంటాను.

బొగ్గుబాయి_బిడ్డ:
ములుగు సంగతి నేను చెప్త అన్నా. మా బాపు సింగరేణిల పనిచేసిండు, నేనిప్పుడు వైట్‌ఫీల్డ్‌ల ఉంటున్న. గోదారి పొంటి భూమి ఒకప్పుడు రెండు దిక్కులకు గుంజుకపోయి నడుమ కుంగింది, రెండంచులకు పెద్ద ఫాల్టులు, ఆ కుంగిన జాగల ఇసుక, మట్టి, చెట్లు నిండి బొగ్గయింది. బాయిల దిగెటోళ్ళకు ఫాల్ట్ అంటే పుస్తకంల మాట కాదు, సీమ్, అంటే బొగ్గు పొర, మంచిగ పోతనే ఉంటది, ఒక్క తాన ఎదురుంగ బండ తగుల్తది, బొగ్గు మాయం. ఇగ సర్వేయర్ వచ్చి త్రో, అంటే ఫాల్ట్ కాడ పొర పైకో కిందికో ఎంత జరిగిందో, చూస్తడు, సీమ్ పైకి పోయిందా కిందికి పోయిందా తేలినంకనే మళ్ళ దారి కొడ్తరు. 1969ల భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది గీ పట్టీలనే, మొన్నటి ములుగు గూడ గీ పట్టీలనే. అంచు కాబోయి నడుమల ఆగిన జాగ అది, ఫాల్టులు మాత్రం అట్లనే ఉన్నయ్.

వేళచ్చేరి_వాసు:
చెన్నై నుంచి ఒక్క మాట. 2004 డిసెంబర్ 26న 9.1 వచ్చింది ప్లేట్ అంచు మీదే, మన ప్లేట్ సుమత్రా, అండమాన్ కిందకి దూరే చోట సుమారు 1300 కిలోమీటర్ల పొడవున జారి సముద్రం అడుగు పైకి లేచింది, ఆ నీళ్ళే మెరీనా దాకా వచ్చాయి. 2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం మళ్ళీ ఆ వైపే 8.6, మా ఆఫీసులో అందర్నీ మెట్ల మీంచి దింపేశారు, రెండు గంటల తర్వాత ఇంకోటి 8.2, సునామీ హెచ్చరిక కూడా ఇచ్చారు, తీరా పెద్ద అల ఏదీ రాలేదు. ఎందుకంటే అది అంచుకి పడమరగా ప్లేట్ లోపల వచ్చింది, రాళ్ళు అడ్డంగా జరిగాయి తప్ప సముద్రం అడుగు పెద్దగా లేవలేదు. నంబర్ ఒక్కటే చూస్తే సరిపోదండీ, ఫాల్ట్ ఎటు జరిగిందో కూడా చూడాలి.

కనకపుర_కిరణ్:
చాలా థాంక్స్ అండీ, మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. అయితే ఫ్లాట్ తీసుకోవచ్చా? ఏం చూసుకోవాలి?

జయనగర్_జియాలజీ:
బోర్‌లో తగిలిన పగులు చూసి వదులుకోవద్దు. 2002 భూకంప ప్రమాద మ్యాప్‌లో (జోన్ నంబర్ పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ) బెంగళూరు జోన్ 2, చెన్నైని అప్పుడే జోన్ 3కి పెంచారు. కింద రాయి కన్నా పైన కట్టడం గురించి ఎక్కువ అడగండి, భూకంపాన్ని తట్టుకునేలా కట్టడానికి ఉన్న ఐఎస్ 1893 ప్రమాణం ప్రకారం డిజైన్ చేశారా అని స్ట్రక్చరల్ ఇంజనీర్ సంతకం ఉన్న కాగితం చూపించమనండి. కింద పార్కింగ్ అంతస్తులో ఉత్త స్తంభాలేనా, మధ్యలో కాంక్రీట్ గోడలు కూడా ఉన్నాయా అన్నది కళ్ళతో చూసుకోండి. 2001లో భుజ్ భూకంపానికి 200 కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి కింద అంతస్తు పార్కింగ్ కోసం అలా ఉత్త స్తంభాల మీద వదిలేసిందే. డ్రాయింగ్ దొరికితే ఇక్కడ పెట్టండి, మా ఫ్రెండ్ ఒకాయన స్ట్రక్చర్స్ చూస్తారు, ఆయన్ని అడిగి చెప్తాను.