యుకులేలే షాపుకి మొదటిసారి వెళ్తున్నా, వాయించడం రాదు. నవ్వుతారా?

కొత్తవేళ్లు
యుకులేలే (చిన్న గిటార్ లాంటి నాలుగు తీగల వాయిద్యం) కొందామని మూడు నెలలుగా ఫోన్లో ఫొటోలు చూస్తూ కూర్చున్నాను. తీగ వాయిద్యాలు తప్ప ఇంకేమీ అమ్మని చిన్న షాపు ఒకటుంది. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చేశా. లోపల గోడ నిండా వాయిద్యాలు, ఒక పెద్దాయన బల్ల దగ్గర కూర్చుని సన్న ఆకురాయితో ఏదో రుద్దుతూ ఉంటాడు. నాకు ఒక్క కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించడం) కూడా రాదు. చేతికిచ్చి వాయించమంటే ఏం చేయాలి?

నాలుగోతీగ
టెన్షన్ పడాల్సిందేం లేదండీ. రాదని గుమ్మంలోనే చెప్పేయండి. మీరే కాస్త వాయించి వినిపించండి అని అడగండి. ఒక రకంగా అదే లాభం. మోత ఎదుటివాళ్ల వైపు వెళ్తుంది కాబట్టి, ఒళ్లో పెట్టుకున్నవాడికంటే ఎదురుగా కూర్చున్నవాడికే దాని అసలు గొంతు తెలుస్తుంది.

మెట్లలెక్క
నా కథ చెప్తా. మొదటిది ఒక పెద్ద మ్యూజిక్ స్టోర్లో కొన్నా. పెట్టె తెరిచి చూపించారు, బిల్లు ఇచ్చారు, అంతే. ఇంటికొచ్చాక సి కార్డ్ బ్రహ్మాండంగా పలికేది. ఎఫ్ పట్టుకుంటే మాత్రం ఎక్కడో అపశ్రుతి. ట్యూనర్ పెట్టి చూస్తే నాలుగు తీగలూ సరిగ్గానే ఉన్నాయి. ఇక నా చెవే బాగాలేదనుకున్నా. ఐదు నెలలు!

తర్వాత ఇలాంటి చిన్న షాపుకి తీగలు కొనడానికి వెళ్లి మాటల్లో చెప్పా. ఆయన తీగని మూడో మెట్టు (మెడ మీద అడ్డంగా ఉండే సన్న కమ్మీ, ఫ్రెట్) దగ్గర నొక్కి, మొదటి మెట్టు మీద సందు చూడమన్నాడు. కాగితం మందం ఉండాల్సిన చోట ఏటీఎం కార్డు దూరేలా ఉంది. తల దగ్గర తీగలు కూర్చునే నట్‌లో గాడి లోతు చాలలేదట. తీగ ఎత్తుగా ఉంటే మొదటి మెట్టుకి ఆనించడానికి దాన్ని ఎక్కువ సాగదీయాలి, సాగితే శ్రుతి పెరుగుతుంది. సి కార్డ్‌లో మూడు తీగలు ఖాళీగా మోగుతాయి, ఒక్కదాన్నే మూడో మెట్టు దగ్గర నొక్కుతాం. అందుకే అందులో తేడా పెద్దగా తెలియలేదు. ఎఫ్‌లో మొదటి మెట్టు నొక్కక తప్పదు, దొంగ అక్కడ దొరికాడు. ఒక్కో గాడీ కొంచెం రుద్దడం, తీగ మళ్లీ వేయడం, నొక్కి వినడం, మళ్లీ రుద్దడం. అరగంట పట్టింది. మీరు చూసిన పెద్దాయన చేస్తున్నదీ బహుశా ఇదే పని.

చెక్కపిచ్చి
ఇంకో పరీక్ష ఉంది. పన్నెండో మెట్టు మీద తీగని ఊరికే తాకి మీటండి, తర్వాత అక్కడే నొక్కి మీటండి. రెండూ ఒకే స్వరం పలకాలి.

చెక్క సంగతి: సౌండ్ హోల్ (ముందు పలకలో ఉండే రంధ్రం) అంచు చూడండి. పైనున్న గీతలు అంచులోకి కూడా దిగితే ఒకే చెక్క, పొరలు కనిపిస్తే ప్లైవుడ్ లాంటిది. ఒకే చెక్క గొంతు బాగుంటుంది కానీ గాలి బాగా పొడిబారితే పగులుతుంది. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి. కోఆ చెక్క చూపిస్తే ముట్టుకుని చూడండి, అది హవాయి దీవుల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగదు. ముట్టుకున్నాక పెట్టేయడం కష్టం, ముందే చెప్తున్నా :)

గొణుగుడు
చిన్న షాపులన్నీ గుళ్లేం కావు. ఒకచోట రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగానని ముఖం మాడ్చుకున్నారు. తొందరేం లేదు, ఆలోచించుకుని రండి అన్న మనిషి దగ్గరే నేను చివరికి కొన్నా.

పదితీగలు
కొనేది యుకులేలే అయినా మిగతా గోడ కూడా చూసి రండి. చరాంగో అనే దక్షిణ అమెరికా వాయిద్యం ఉంటే మీటమని అడగండి, ఐదు జతలుగా పది తీగలు. యుకులేలేకి పెద్దన్న లాంటి మషేట్ అనే చిన్న వాయిద్యం పోర్చుగల్‌కి చెందిన మదీరా దీవిది. 1879లో రావెన్స్‌క్రాగ్ ఓడలో హొనొలులు చేరిన మదీరా వాళ్లలో ముగ్గురు వడ్రంగులు ఉన్నారు, హవాయిలో యుకులేలేలు చేయడం మొదలుపెట్టింది వాళ్లే. చెక్కపనివాళ్ల చేతుల్లో పుట్టిన వాయిద్యం కాబట్టేనేమో, ఇలాంటి షాపుల్లో రంపప్పొట్టు వాసన నాకు భలే ఇష్టం.

కొత్తవేళ్లు
వెళ్లొచ్చా! ఎవరూ నవ్వలేదు. నవ్వించింది నేనే. అన్నిటికంటే పైన ఉండే తీగ గిటార్‌లోలా లావుగా పలుకుతుందనుకుంటే సన్నగా పలికింది. తప్పు తీగ వేశారేమో అనేశా. యుకులేలేకి మామూలుగా అంతే, ఆ జి తీగ సి తీగ కంటే హెచ్చు శ్రుతిలో ఉంటుంది, కావాలంటే తగ్గు జి కూడా వేయించుకోవచ్చు అన్నాడు పెద్దాయన.

కాస్త పెద్ద సైజు, టెనరే కొనాలని వెళ్లా. ఆయన సొప్రానో, కాన్సర్ట్, టెనర్ మూడు సైజులూ వరసగా ఒళ్లో పెట్టాడు. తీగ మోగే పొడవు సుమారు 13, 15, 17 అంగుళాలు. టెనర్ మీద నా చిటికెనవేలు అందలేదు. తర్వాత నన్ను గోడవైపు తిరిగి కూర్చోమని రెండు కాన్సర్ట్‌లు వాయించాడు. నాకు నచ్చింది పొరల చెక్కదే, ధర తక్కువది. చెక్కపిచ్చి గారూ, క్షమించాలి!

ఒక్క సమస్య. ఇంటికొచ్చినప్పటినుంచి గంటకోసారి శ్రుతి దిగిపోతోంది. పాడైందా?

చెక్కపిచ్చి
మీ చెవి, మీ ఇష్టం :) కొత్త తీగలా?

కొత్తవేళ్లు
అవును, నా ముందే మార్చాడు.

మెట్లలెక్క
అయితే ఏం కాలేదు. నైలాన్ తీగలు కొన్ని రోజులు సాగుతూనే ఉంటాయి. ఒక్కో తీగని మధ్యలో పట్టుకుని మెల్లగా లాగి వదిలి మళ్లీ శ్రుతి చేయండి. శ్రుతి దాటిపోతే కొంచెం కిందకి దించి, కిందనుంచి పైకి తెండి. అప్పుడు నిలుస్తుంది.