మెడికల్ అయిపోయింది, ఇక రాజీనామా ఇచ్చేయొచ్చా?

తెల్లకాగితం:
కెనడా పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లను బట్టి పిలిచే పద్ధతి), ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ అనే కేటగిరీ కింద, బయటి దేశం నుంచే అప్లై చేశాం. ప్రధాన దరఖాస్తుదారు నేను. నాతోపాటు భార్య, నాలుగేళ్ళ పాప. ఇన్విటేషన్ వచ్చాక ఇచ్చే 60 రోజుల్లోనే మెడికల్‌తో సహా కాగితాలన్నీ పెట్టేశాం. బయోమెట్రిక్స్ కూడా అయ్యాయి. అక్టోబర్‌లో పెడితే ఇప్పటికి నాలుగు నెలలు. నోటీస్ పీరియడ్ మూడు నెలలు కాబట్టి ఇప్పుడే రాజీనామా ఇస్తే అన్నీ ఒకేసారి కలిసొస్తాయి అనుకుంటున్నాను. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. రోజుకు పదిసార్లు అకౌంట్ తెరిచి చూస్తున్నాను, టెన్షన్‌గా ఉంది.

లెక్కలమాస్టారు:
ఇవ్వొచ్చు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి ఆరు నెలలని కెనడా ఇమిగ్రేషన్ వాళ్ళే పెట్టుకున్నారు. నాలుగు అయిపోయాయి. ఇంకో సంగతి, మెడికల్ చేయించుకున్న రోజు నుంచి 12 నెలలే చెల్లుతుంది. వీసా గడువు మామూలుగా ఆ తేదీకో పాస్‌పోర్టు గడువుకో, ఏది ముందొస్తే దానికి కడతారు. నోటీసు ఆలస్యం చేస్తే చివర్లో మీకే ఊపిరాడదు.

పడమటిగాలి:
ఇవ్వొద్దు తమ్ముడూ. వీసా పడిన పాస్‌పోర్టు చేతికొచ్చేదాకా ఆగు. నేను 2020 ఫిబ్రవరిలో, మెడికల్ పాస్ అయిందన్న మాట చూసి రాజీనామా ఇచ్చాను. మార్చి 18 నుంచి ప్రయాణ ఆంక్షలు వచ్చాయి. ఆ తేదీ తర్వాత అప్రూవల్ వచ్చినవాళ్ళకు వెళ్ళే వీల్లేదు. నా సీఓపీఆర్, అంటే పీఆర్ ఖాయమని ఇచ్చే కాగితం, ఏప్రిల్‌లో వచ్చింది. చెల్లే సీఓపీఆర్ ఉన్న అందరికీ దారి తెరిచింది 2021 జూన్ 21న. పాత ఆఫీసుకి వెళ్ళి అడిగితే నా స్థానంలో వేరేవాళ్ళు వచ్చేశారన్నారు. సామాను అమ్మేసి, అద్దె ఇల్లు వదిలేసి, అత్తగారింట్లో ఒక గదిలో ఉన్నాం. మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

లెక్కలమాస్టారు:
మీ కష్టం పెద్దదే, కాదనను. కానీ కోవిడ్‌ని లెక్కలో పెట్టుకుంటే ఎవరూ ఏ పనీ చేయలేరు. అడిగింది ఇప్పటి సంగతి. ఇప్పుడు ఆరు నెలలే.

వేపచెట్టు:
మాస్టారూ, ఆరు నెలలన్నది అందరికీ ఇచ్చిన మాట కాదు. నూటికి 80 ఫైళ్ళు ఆ లోపు తేల్చాలన్నది వాళ్ళ లక్ష్యం. తక్కిన 20లో మనం లేమని ఎవరు చెప్తారు?

లెక్కలమాస్టారు:
80 అంటే ఐదింట నాలుగు. అదీ పూర్తి దరఖాస్తు అందిన రోజు నుంచి లెక్క. కాగితాలు సరిగ్గా పెట్టనివాళ్ళ ఆలస్యాన్ని ఈయనకు అంటగట్టకండి.

పడమటిగాలి:
అన్నీ సరిగ్గా పెట్టినవాళ్ళు కూడా ఆగారు. సెక్యూరిటీ చెక్‌కి ఎంత పడుతుందో మీరు చెప్పగలరా?

లెక్కలమాస్టారు:
చెప్పలేను. అందుకే సగటు చూసుకుని నడవాలి అంటున్నాను.

కొత్తఊరు:
మాకు ఎనిమిదో నెల నడుస్తోంది. నేను మానేయలేదు, మానేసి ఉంటే ఈపాటికి పిచ్చెక్కేది.

చిట్టెమ్మ మనవరాలు:
డబ్బు సంగతి ఎవరూ అడగలేదేం? మీ కేటగిరీలో సెటిల్‌మెంట్ ఫండ్స్, అంటే అక్కడ స్థిరపడడానికి సరిపడా డబ్బు, అప్లై చేసినప్పుడు చూపిస్తే సరిపోదు, వీసా ఇచ్చే నాటికీ ఉండాలి. జీతం ఆగిపోయి ఆ పొదుపులోంచే తింటూ కూర్చుంటే ఫైలుకే ఎసరు.

తెల్లకాగితం:
థాంక్స్ అక్కా, ఆ ఇబ్బంది లేదు. నా జీతం వస్తూనే ఉంటుంది.

చిట్టెమ్మ మనవరాలు:
రాజీనామా ఇస్తే జీతం ఎలా వస్తుంది?

తెల్లకాగితం:
రాజీనామా నాది కాదు, నా భార్యది. ముందు తను మానేస్తే పాపని చూసుకుంటూ ఇల్లు సర్దుతుంది. నేను చివర్లో ఇస్తాను. మొదటి పోస్టులో సరిగ్గా రాయలేదు, సారీ.

లెక్కలమాస్టారు:
అయితే ఏ సమస్యా లేదు. భార్య తరఫున సీఆర్ఎస్‌లో, అంటే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పాయింట్ల లెక్కలో, చదువుకీ, భాషకీ, కెనడాలో చేసిన పనికే పాయింట్లు. బయటి దేశంలో చేసిన ఉద్యోగానికి సున్నా. ఆవిడ మానేసినా ఫైలుకి ఏమీ కాదు.

చిట్టెమ్మ మనవరాలు:
ఫైలుకి ఏమీ కాదు. ఆవిడకి?

నేనూ ఇలాగే మానేశాను, మా ఆయన ఫైలు కోసం. పదకొండేళ్ళ ఉద్యోగం. మా కన్సల్టెంటు మూడు నెలల్లో విమానం ఎక్కుతారన్నాడు, పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలూ పొద్దున లేచి ఏం చేయాలో తెలిసేది కాదు. ఎవరైనా ‘ఇంకా వెళ్ళలేదా’ అంటే బయటికి రావడమే మానేశాను. ఇక్కడికి వచ్చాక ప్రతి ఇంటర్వ్యూలో ఆ ఖాళీ ఎందుకొచ్చిందని అడిగారు. మా ఆయన్ని ఒక్కరూ అడగలేదు, ఆయన చివరి వారం దాకా ఉద్యోగం చేశాడు కదా. ఇప్పటిదాకా ఆరా ఎనిమిదా అని కొట్టుకున్నారు. ఆ నెలలు ఎవరి జీవితంలోంచి పోతున్నాయో ఒక్కరూ అడగలేదు.

లెక్కలమాస్టారు:
నన్ను ఫైలు గురించి అడిగితే ఫైలు గురించి చెప్పాను. ఒకరి సంసారంలో తలదూర్చడం నాకు అలవాటు లేదు. మా ఆవిడ కూడా ముందు మానేసింది. ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాకే. మీకు జరిగింది అందరికీ జరుగుతుందనుకోవద్దు.

పడమటిగాలి:
మీరు మాట్లాడుకున్నారు. ఆ చివరి ముక్క ముందే చెప్పాల్సింది మాస్టారూ. నేను మా ఆవిణ్ణి అడగకుండానే నా ఉద్యోగం వదిలాను. నా బాధంతా కోవిడ్ మీద పెట్టి రాశాను గానీ అసలుది ఇదే.

తెల్లకాగితం:
మా ఇంటి విషయం తెలియకుండా అందరూ నన్ను దోషిని చేస్తున్నారు. తనకి ఇష్టం లేదని నేనెక్కడైనా రాశానా?

వేపచెట్టు:
ఉందని కూడా రాయలేదు. అడిగారా?

తెల్లకాగితం:
నిన్న ఆ మాటకి కోపం వచ్చింది, అందుకే జవాబివ్వలేదు. రాత్రి అడిగాను. ఏప్రిల్‌లో తనకి ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉందట. ఎలాగూ వెళ్ళిపోతాం కదా అని నేనంటానని చెప్పలేదట. ఎలాగూ వెళ్ళిపోతాం అన్న మాట నేను ఈ నాలుగు నెలల్లో ఎన్నిసార్లు అన్నానో తనే లెక్క చెప్పింది. ఇంటర్వ్యూకి వెళ్ళమన్నాను. రాజీనామా సంగతి వీసా వచ్చాకే.

చిట్టెమ్మ మనవరాలు:
సంతోషం తమ్ముడూ. నిన్న కాస్త గట్టిగా అన్నాను.

లెక్కలమాస్టారు:
ఒక దారి ఉంది. ప్రధాన దరఖాస్తుదారు ముందు వెళ్ళి దిగొచ్చు. కుటుంబం మీతోగానీ మీ తర్వాతగానీ రావొచ్చు, మీకంటే ముందు మాత్రం దిగకూడదు. వాళ్ళ వీసా గడువులోపు వస్తే చాలు. కాబట్టి వీసా రాగానే ఆవిడ మర్నాడే మానేయాల్సిన అవసరం లేదు. మీ మెడికల్ తేదీ చెప్పండి.

తెల్లకాగితం:
మా ఇద్దరిదీ అక్టోబర్ 12. పాపది అంతకు ముందే, 3వ తేదీన చేయించాం.

లెక్కలమాస్టారు:
అయితే పాప తేదీనే పట్టుకోండి. ఈ అక్టోబర్ 3కి ముగ్గురూ దిగి ఉండాలనుకోండి. ప్రయాణానికి ఒక నెల, నోటీసుకి మూడు నెలలు. వీసా అప్పటికి చేతికి వస్తే, ఆవిడ నోటీసు జూన్ మొదటి వారంలో ఇచ్చినా సరిపోతుంది. ఈలోపు ముగ్గురి పాస్‌పోర్టుల గడువులు కూడా ఒకసారి చూసుకోండి.

తెల్లకాగితం:
పాప పాస్‌పోర్టు చూడలేదు మాస్టారూ. ఇప్పుడే తీస్తున్నాను.