వరదలో దెబ్బతిన్న ప్రెస్సుకు చందాలు ఇవ్వాలా, పని ఇవ్వాలా?

ప్రశ్న – కృష్ణలంక పాఠకుడు

విజయవాడ అజిత్‌సింగ్ నగర్ వైపున ఉన్న ఒక చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు గురించి మీ సలహా కోరుతున్నాను. మా ఊరి కార్మిక సంఘాల కరపత్రాలు, మహిళా సంఘాల బులెటిన్లు, హేతువాద సభల ఆహ్వానాలు, రెండు మూడు చిన్న పత్రికలు ఎన్నో ఏళ్లుగా అక్కడే అచ్చవుతున్నాయి. జీతాలు అందని పారిశుద్ధ్య కార్మికులు కరపత్రం పట్టుకుని తిరిగినప్పుడు, ప్రెస్సు పేరు లేకుండా అయితేనే వేస్తామని మిగతావాళ్లు అంటే, ఈ ప్రెస్సు యజమాని మాత్రం అడుగున తన పేరూ చిరునామా వేసి మరీ ఇచ్చారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఆ వీధిని ముంచినప్పుడు కాగితం రీములన్నీ (ఒక్కో రీము 500 షీట్ల కట్ట) ముద్దయ్యాయి, మెషీను మోటారు కాలిపోయింది. అప్పు చేసి మెషీను బాగుచేయించుకున్నారు గానీ, కాగితానికి పెట్టుబడి లేక వచ్చిన పనిని కూడా వదులుకుంటున్నారు. చందాలు పోగుచేసి ఇస్తామంటే ఆయన ఒప్పుకోవడం లేదు. వడ్డీకి డిపాజిట్లు సేకరిద్దామని ఒక మిత్రుడు అంటున్నారు. ఏది మంచిదంటారు?

జవాబు – చిన్న పత్రిక సంపాదకుడు

చందాల మాట తర్వాత చూద్దాం; ముందు ఆయనకు రావలసిన బాకీల పుస్తకం తెరిపించండి. ఇలాంటి ప్రెస్సులను వరద కన్నా ముందు ముంచేది మనమే. నేనూ ఆ పాపం చేసినవాణ్ణే. ప్రత్యేక సంచికకు వేయి ప్రతులు చెప్పి, సభకు మూడు వందలు తీసుకెళ్లి, మిగిలిన కట్టలను నెలల తరబడి ప్రెస్సులోనే వదిలేసి, బిల్లు అడిగితే "మనవాళ్లే కదా" అన్నాను. ప్రజా సంఘాలకు అప్పు పెట్టే ప్రెస్సు కాగితం కొట్టువాడి దగ్గర మాత్రం నగదు పెట్టి కొనాలి. పాత బాకీలలో సగం వసూలైనా మీరు చందా అడగవలసిన అవసరం రాకపోవచ్చు.

జవాబు – ఫారం లెక్క

పైవారి మాట నిజమే కాని, బాకీలు వసూలైనంత మాత్రాన ప్రెస్సు నడవదు, పని లాభసాటిగా రావాలి. డెమ్మీ ఎనిమిదో సైజులో, అంటే మామూలు పుస్తకం సైజులో, 160 పేజీల పుస్తకమంటే 10 ఫారాలు (ఒక్కో ఫారం 16 పేజీలు). వేయి ప్రతులకు వృథా కాకుండానే డబుల్ డెమ్మీ అనే పెద్ద సైజు కాగితం 10 రీములు కావాలి. మూడు వందల ప్రతులకు 3 రీములే చాలు, కాని ప్లేట్లకూ (పేజీల అచ్చు ఎక్కించే రేకులు) మెషీను సర్దుబాటుకూ అయ్యే ఖర్చు రెంటికీ ఒకటే. కాబట్టి కవులు, సంఘాలు ఎవరికి వారు మూడేసి వందలు వేయించుకుంటే ఒక్కొక్క ప్రతి ధర పెరుగుతుంది, ఆయనకూ పెద్దగా మిగలదు. అంత తక్కువ ప్రతులు డిజిటల్‌లో వేయించుకోవడమే నయం.

అందరూ ముందుగా మాట్లాడుకుని ఒకే నెలలో, ఒకే సంఖ్యలో పుస్తకాలు ఇస్తే పరిస్థితి మారుతుంది. నాలుగు పుస్తకాల ముఖచిత్రాలను విడివిడిగా నాలుగు రంగుల్లో, రంగుకో ప్లేటు చొప్పున అచ్చువేస్తే 16 ప్లేట్లు పడతాయి, ఒకే షీటు మీద పేర్చితే నాలుగే. అందుకు కవర్లన్నీ ఒకే రకం అట్ట మీద ఉండాలి. కవులను ఒప్పించడం మీ వంతు!

జవాబు – లెక్కల పంతులు

డిపాజిట్ల ఆలోచన దయచేసి మానుకోండి. 2019 నాటి క్రమబద్ధీకరణ లేని డిపాజిట్ పథకాల నిషేధ చట్టం ఉండగా, ఊరందరి దగ్గరా వడ్డీకి డబ్బు తీసుకుంటే సాయం చేయబోయి ఆ పెద్దాయనను కేసులో ఇరికించినవారవుతారు. వ్యాపారంలో సరుకుకో పనికో తీసుకునే అడ్వాన్సు మాత్రం ఆ కోవలోకి రాదు. ఏ పనికి, ఎన్ని ప్రతులకు, ఎప్పటిలోగా అన్నది రాసి రసీదు ఇచ్చి, ఆ డబ్బుతో ఆ పనికి కావలసిన కాగితమే కొనాలి. ముందుగా చందాదారులను చేర్చుకుని పుస్తకాలు వేయడం మనకు కొత్త కాదు; 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా గ్రంథమాలకూ చందాదారులే ఆధారం.

ఆయన తర్వాత ప్రెస్సు ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంటే, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద, ప్రభుత్వ వాటా లేకుండా, పనిచేసేవారూ పని ఇచ్చేవారూ కలిసి సంఘంగా నమోదు కావచ్చు. అయితే అందులో పనిచేస్తున్న మెషీన్‌మన్, బైండర్లు తామే కోరితే తప్ప మీరు ముందుకు వెళ్లకండి.

కృష్ణలంక పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. బాకీల పుస్తకం చూశాము. అందులో మా గ్రంథాలయ సంఘం పేరూ ఉంది, నాలుగేళ్ల నాటి స్మారక సంచిక బిల్లు. అది నిన్న కట్టేశాము. సంక్రాంతి లోపల తేవాలనుకున్న మూడు పుస్తకాలకు ఒకే ముద్రణ సంఖ్య కుదిరింది, నాలుగో కవి ఇంకా ఆలోచిస్తున్నారు. అడ్వాన్సు తీసుకోవడానికి పెద్దాయన ఒప్పుకున్నారు గానీ, కొనే కాగితం ఈసారి పై అంతస్తులో పెట్టడానికి చోటు చూపించమన్నారు. ఆ వీధిలో ఎవరికైనా మేడ మీద ఖాళీ గది ఉంటే చెప్పగలరు.