అప్‌డేట్: బంతి పైకి లేవడానికి కారణం దొరికింది

సాఫ్ట్‌బాల్‌లో (బంతిని చేయి కిందనుంచి విసిరే, బేస్‌బాల్ లాంటి ఆట) మా పాప వేసే బంతి బ్యాటర్ తల మీదుగా పోతోందని ఇంతకుముందు అడిగాను కదా. ఒకప్పటి ఛాంపియన్ పిచర్ (బ్యాటర్‌కి బంతి వేసే ప్లేయర్), ఇప్పుడు పిచింగ్ కోచ్ అయిన మేడమ్ గారు చూసి పట్టేశారు. లోపం భుజంలో లేదు. బంతిని తుంటి దాటాక వదులుతోంది, అప్పటికే చేయి పైకి లేస్తుంటుంది, బంతీ దాంతోపాటే లేస్తుంది.

ముందు 10 అడుగుల నుంచి ఒట్టి మణికట్టు విసురు, 20 సార్లు. తర్వాత 20 అడుగుల నుంచి చేతిని సగం చుట్టు తిప్పి వేయడం. ముంజేయి తుంటికి రాసుకునే క్షణంలోనే బంతి వదలాలి. అది కుదిరాకే పూర్తి విండ్‌మిల్ (చేతిని గుండ్రంగా పూర్తి చుట్టు తిప్పి వేయడం), 43 అడుగుల నుంచి.

ఆర్కే బీచ్ ఇసుకలో మాత్రం వద్దు. ముందు కాలు దిగబడి నడుము వంగిపోతుంది, చేయి మళ్లీ ఆలస్యమవుతుంది. మన విశాఖ ఉక్కకి వేళ్లు జారతాయి, దగ్గర పొడి తువ్వాలు ఉండాల్సిందే.

అలసిపోతే ఇంకా ఒకటీ అరా లేస్తున్నాయి. అక్కడితో ఆపేయిస్తున్నాం.