అప్‌డేట్: కాంచనబురి వెళ్లొచ్చాను, పెదతాత పేరు దొరకలేదు

గుర్తుందా? మలయా (ఇప్పటి మలేషియా) రబ్బరు తోటలకి వెళ్లి, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్లు థాయిలాండ్ నుంచి బర్మాకి వేసిన రైలు మార్గం పనికి తీసుకుపోయాక జాడ తెలియని మా తాతగారి అన్న గురించి అడిగాను. థాయిలాండ్ మ్యూజియంలో పేరు దొరుకుతుందా అని. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

పేరు దొరకలేదు. కాంచనబురి ఊళ్లో ఉన్న ఆ మ్యూజియం, థాయిలాండ్-బర్మా రైల్వే సెంటర్‌లో అడిగితే, యుద్ధఖైదీలకి రికార్డులున్నాయి కానీ ఆసియా కూలీలకి అలాంటి పేర్ల జాబితా లేదన్నారు. ఇంటి నుంచి మోసుకెళ్లిన పాత కాగితాల కట్ట సంచిలోంచి తీయనేలేదు.

"మ్యూజియం ముందు, శ్మశానం తర్వాత" అన్న సలహా మాత్రం బాగా పనికొచ్చింది. 415 కిలోమీటర్ల లైను 1942-43లో ఎలా వేశారో చూసి, ఎదురుగా ఉన్న యుద్ధఖైదీల సైనిక శ్మశానంలోకి వెళ్లాను. దాదాపు 7 వేల సమాధులు, చాలావాటి మీద పేరు, వయసు. 22, 24, 23. తోటమాలి ఒకాయన ఒక్కో ఫలకం చుట్టూ గడ్డి కత్తిరిస్తున్నాడు. ఖైదీలకంటే ఎన్నో రెట్లు చనిపోయిన మన కూలీలకి అక్కడ ఒక్క రాయీ లేదు. అక్కడే ఏడుపొచ్చేసింది.

ఒకరు చెప్పిన వాట్ థావోర్న్ ఆలయానికీ వెళ్లాను. ఆసియా కూలీల స్మారకం అక్కడుంది. పెదతాత అక్కడే ఉన్నాడని కాదు, ఎక్కడో ఒకచోట దండం పెట్టాలి కదా. పూలు పెట్టి వచ్చాను.

ఆ రైలు లైను మీదే ఉన్న క్వాయ్ నది వంతెన దగ్గర సెల్ఫీల గోల భరించలేక పది నిమిషాల్లో వచ్చేశాను.